జలకాలుష్యమును మన కులవృత్తియు

వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున గావింపబడిన యుపన్యాసము



ఆహ్వానసంఘమువారు విద్యార్థి వసతిగృహమును గూర్చియో, సహకారసంఘముల లెక్కలను గూర్చియో ప్రసంగింపుమని కోరియుండినచో మాకు సులభముగ నుండెడిది. వారు జలకాలుష్యమును నిర్ణయించిరి. కార్యక్రమపత్రికను జూడగా ఈ యుపన్యాసము విద్యానిధి తీర్మానమునకును మధ్యాహ్నభోజనమునకును నడుమ ఇఱికింపబడియున్నది. వంటశాలనుండి పులుసువాసన వచ్చుచుండగా మురుగునీటిని గూర్చి మాటలాడుట వక్తకు గాని శ్రోతలకు గాని ప్రియమైన పని గాదు. అయినను ఆ పులుసులోని చేప యే చెఱువుదని యొక్కసారి తలచినచో, ఈ విషయము భోజనమునకు దూరమైనది కాదని తమకే తోచగలదు.

గంగను తల్లియని చెప్పుకొనుచున్న కులము మనది. క్రొత్తవలను నీట దింపునప్పుడు ఆమెకు మ్రొక్కక దింపము. తల్లికి జ్వరము వచ్చినప్పుడు మ్రొక్కుకొనుటయే గాక, నాడి చూచువానిని గూడ పిలుతుము గదా! మేము నేడు చెప్పబూనినది ఆ నాడి చూచు విద్యను గూర్చియే.

మన పెద్దలకు నీటిపరీక్ష తెలియదనుకొనుట పొరపాటు. నీటిరంగును, వాసనను, వలకు పట్టు జిగటను జూచి వారు చాల సంగతులు చెప్పగలిగెడివారు. తెల్లవాఱుజామున చేపలు మూతులు పైకెత్తి గాలి గ్రుక్కుకొనుచున్నచో ఆనాడే వల వేసి, అందినంత సరకు తీసి అమ్మెడివారు. బొచ్చె, రోహు, మోసు తేలిపోవుచుండగా కొఱ్ఱమట్టయు మార్పుచేపయు మాత్రము బ్రతికియున్నచో, అది విషము కాదు, ఊపిరి కఱవు అని నిర్ణయించెడివారు. ఏలయన ఆ రెండు జాతులును నీటిపైకి వచ్చి గాలిని పీల్చి బ్రతుకగలవు. కప్పలు, నత్తలు, కొఱ్ఱమట్టలు సర్వమును ఒక్క రాత్రిలో చచ్చినచో మాత్రము విషమని శంకించెడివారు. నేటి శాస్త్రజ్ఞులు చచ్చిన చేపలను పరీక్షింప వచ్చినప్పుడు తొలుత అడుగునది ఇదియే.

కాని కంటికిని ముక్కునకును ఒక మేర గలదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో కీళ్ళు బిగుసుకొని వంగిపోయిన మనుష్యులను గూర్చి వైద్యులు ప్రకటించిరి. కారణము బావినీటిలోని ఫ్లోరైడు. ఆ నీరు మురికిగ నుండదు, కంపు కొట్టదు, తేటగ, నోటికి హితముగ నుండును. నల్లగొండ జిల్లా ప్రజలకు ఈ కథ వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ ఫ్లోరైడును ఏ కర్మాగారమును కలుపలేదు. భూగర్భమందలి శిలలనుండి ఊఱినది. దానిని కనిపెట్టునది కొలత యొక్కటియే. లీటరునకు 1 మిల్లిగ్రాము మించకుండుట మేలు. వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింపవచ్చును. ఇది మన దేశపు త్రాగునీటి ప్రమాణము. అర మిల్లిగ్రాము భేదమును ఏ నాలుక చెప్పగలదు?

ఇక మా అనుభవమును విన్నవింతుము. చెప్పుటకు కొంత సిగ్గుగనే యున్నది.

2011వ సంవత్సరము వేసవిలో ఒకనాటి తెల్లవాఱున మా గ్రామపు పెద్దచెఱువు చచ్చిన చేపలతో తెల్లబడినది. మా సహకారసంఘము గుత్తకు తీసికొన్న చెఱువది. రెండేండ్ల పెట్టుబడి గట్టున పడి కుళ్ళసాగినది. చెఱువునకు ఎగువను, ఒకటిన్నర మైలు దూరమున, ఒక కర్మాగారము గలదు. దాని కాలువ మా వాగులో కలియును. ఇంకేమి కావలయును? అందఱమును అక్కడికి నడచితిమి. మధ్యాహ్నమునకు కర్మాగారపు ప్రతినిధియొకడు మర్యాదగ వచ్చి, తప్పు తమదని యొప్పుకొనక, ఇరుగుపొరుగు ధర్మముగ ఇంటికి 4 వేల రూపాయల చొప్పున ఇత్తుమనెను. ఇకమీద ఈ విషయమున ఎట్టి వ్యాజ్యమును వేయమని ఒక కాగితము కోరెను. పెద్దలు ఆలోచించిరి; ఒప్పుకొనిరి. ఆ కాగితమును వ్రాసినది మేమే. మా ఊరి కులస్థులలో నాడు నాలుగు ముక్కలు చదివినవారము మేమే గనుక కలము మా చేతికే వచ్చినది. అక్షరములు గుండ్రముగ నున్నవని ఆ ప్రతినిధి మెచ్చుకొనెను గూడ.

మఱుసటి వేసవిలో చేపలు మఱల చచ్చెను. ఈసారి కర్మాగారమువారు ద్వారము తెఱవలేదు. అర్జీ పెట్టితిమి. తొమ్మిదవనాడు ఒక అధికారి పరికరములతో మధ్యాహ్నము 12 గంటలకు వచ్చి, చెఱువు నడుమకు పడవపై బోయి నీటిని పరీక్షించి, లీటరునకు 9 మిల్లిగ్రాములకు పైగా ప్రాణవాయువు గలదనియు, చేపలకు ఎట్టి లోపమును లేదనియు వ్రాసికొనిపోయెను. అతడు లంచము తినెనని మేమందఱమును తిట్టితిమి. ఆ తిట్లలో మా గొంతు తక్కువది గాదు.

కొంతకాలమునకు మత్స్యశాస్త్రము చదివిన మన కులపు విద్యార్థియొకడు సెలవులకు వచ్చి ఈ కథ విని నవ్వెను. "అయ్యా, ఆయన అబద్ధము చెప్పలేదు. మీ చెఱువు అబద్ధము చెప్పినది. పచ్చని చెఱువు మధ్యాహ్నపువేళ ఎన్నడును నిజము చెప్పదు" అనెను. ఆ మాట అర్థమగుటకు నీటి ఊపిరిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఇది కొంచెము శాస్త్రవిషయమైనను ఓపికతో వినవేడుచున్నాము.

చేప పీల్చు ప్రాణవాయువు నీటిలో కరగియుండును. అది మిక్కిలి స్వల్పము. గాలిలో నూటికి 21 పాళ్ళు గల ఆ వాయువు, 20 డిగ్రీల చల్లని నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లిగ్రాములు మాత్రమే కరగగలదు. నీరు వేడెక్కినకొలది ఇంకను తగ్గును. 30 డిగ్రీలకు ఏడున్నర. అనగా మన వేసవి చెఱువునకు పుట్టుకతోనే కొఱత గలదు. ఆ కొంచెమునుండియే చేప బ్రతుకవలయును, పురుగు బ్రతుకవలయును, కుళ్ళును తిను సూక్ష్మజీవులును బ్రతుకవలయును. ఊరి మురుగో, పేడయో, చక్కెర కర్మాగారపు మడ్డియో నీట కలిసినప్పుడు సూక్ష్మజీవులు విందునకు కూర్చుండును. అవి తినుచు ప్రాణవాయువును హరించును. చేపను చంపునది చాలసార్లు మురుగు కాదు. మురుగును తినువారి ఆకలి.

ఆ ఆకలిని కొలుచుటకే ఇంగ్లండువారు ఒక పద్ధతి కల్పించిరి. 1898లో అచట మురుగునీటి విషయమై ఒక రాజసంఘము నియమింపబడెను. 1912 నాటి దాని నివేదికలో ఈ కొలత స్థిరపడెను. దీనిని బి.ఓ.డి. యందురు. ఒకే నీటిని రెండు సీసాలలో నింపి, ఒకదానిలోని ప్రాణవాయువును వెంటనే కొలిచి, రెండవదానిని చీకటిలో ఐదు దినములుంచి కొలుతురు. ఎంత తగ్గెనో అంత ఆకలి యన్నమాట. ఐదు దినములే యేల యన్నచో, ఇంగ్లండులోని నదులు ఐదు దినములలోపుననే సముద్రము చేరునని చెప్పుదురు. మన నదుల ప్రయాణము అంతకంటె దీర్ఘము. మన నీరు వెచ్చనిది. వెచ్చని నీట సూక్ష్మజీవులు వేగముగ తినును. కావున మన దేశమున 27 డిగ్రీల వేడిమిలో మూడు దినములుంచి కొలుచుట వాడుక యైనది. సాయెబుగారి గడియారమును మన ఎండకు సరిచేసికొనుట ఇట్లు అఱుదుగనే జరుగును గనుక ఈ మాట చెప్పితిమి.

సంఖ్యల నిట్లు జ్ఞాపకముంచుకొనవచ్చును. స్నానమునకు తగిన నదిలో బి.ఓ.డి. లీటరునకు 3 మిల్లిగ్రాములు మించరాదు. శుద్ధిచేసిన నీటిని వాగులోనికి విడుచువారికి సాధారణ నియమము 30. ఊరి పచ్చిమురుగులో 200, 300 ఉండుట పరిపాటి. మలినమైన నదీభాగములను కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి ఐదు శ్రేణులుగ విభజించినది. 30 దాటినవి ప్రథమశ్రేణి. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమ నడచి, వాడపల్లివద్ద కృష్ణలో కలియు మూసీకి ఆ ప్రథమస్థానము దక్కినది. పరీక్షలలో ప్రథమశ్రేణికై మన పిల్లలు పడు పాట్లు తలచుకొన్నచో, ఈ నది ఎంత సులభముగ సంపాదించినదో యని ఆశ్చర్యము కలుగును.

నీటిని ఏ పనికి తగినదో చెప్పుటకు ఆ మండలివారే ఐదు తరగతులు చేసిరి. శుద్ధిచేయక సూక్ష్మజీవులను మాత్రము చంపి త్రాగదగినది మొదటిది. చేపలకు తగినది నాలుగవది. దానిని 'డి' తరగతి యందురు. మన కులమున ప్రతి బాలుడును ఎక్కముతోపాటు నేర్వదగినది దాని లక్షణము: ప్రాణవాయువు లీటరునకు 4 మిల్లిగ్రాములకు తగ్గరాదు, స్వేచ్ఛగ నున్న అమోనియా, నత్రజని లెక్కన, 1.2 మిల్లిగ్రాములు మించరాదు, పి.హెచ్. అను ఆమ్లక్షార సంఖ్య ఆఱున్నరకును ఎనిమిదిన్నరకును నడుమ నుండవలయును. ఈ మూడును ఒకదానితో నొకటి ముడివడియున్నవి. నీరు క్షారమెక్కినకొలదియు, వేడెక్కినకొలదియు, అదే అమోనియా చేపకు మఱింత విషమగును.

ఇక పచ్చని చెఱువు అబద్ధము. ఎరువుగాని, మురుగుగాని, పొలములనుండి కొట్టుకొనివచ్చిన యూరియాగాని నీటిలో చేరినచో సన్నని పాచి విపరీతముగ పెరుగును. ఎండ యున్నంతవఱకు అది ఆకులవలెనే ప్రాణవాయువును విడుచుచుండును. మధ్యాహ్నమునకు నీటిలో ఆ వాయువు పొంగి పొరలును. ప్రొద్దు గ్రుంకినది మొదలు ఆ పాచియే చేపలతో పోటీపడి దానిని పీల్చును. రాత్రి గడచినకొలది తగ్గి తగ్గి, సూర్యోదయమునకు ముందు గడియలో అట్టడుగునకు చేరును. మబ్బు పట్టిన దినము మఱునాడు ఇంకను ప్రమాదము. కావున మధ్యాహ్నము 9 చూపిన నీరే తెల్లవాఱుజామున ఒకటి చూపవచ్చును. ఆ అధికారి నిజాయితీగ కొలిచెను. కాని రోగి నిద్రలో నుక్కిరిబిక్కిరియగు రోగమునకు పట్టపగలు నాడి చూచెను.

సోదరులారా! నీరు నిజము చెప్పు ఆ గడియలో చెఱువుగట్టున నుండు ఉద్యోగి యెవడు? ఎవడును లేడు. ఆ వేళ తెప్ప దింపునది, వల తీయునది మనవాడొక్కడే. ప్రయోగశాలలు నగరమున నున్నవి. నిజము మాత్రము నాలుగున్నర గంటలకు మన కాళ్ళచెంత నున్నది. మేము ఇంత దూరము వచ్చి చెప్పదలచినది ఈ యొక్కమాటయే.

ఆ కొలత కష్టమా? కాదు. హంగేరీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు వింక్లరు 1888లో చెప్పిన పద్ధతి నేటికిని ప్రమాణమే. గాలిబుడగ లేకుండ నీరు నింపిన సీసాలో మాంగనీసు సల్ఫేటును, క్షారముతో గూడిన అయొడైడును వేసినచో మడ్డి దిగును. ప్రాణవాయువు గలచో అది గోధుమవన్నె, లేనిచో తెలుపు. చదువురానివాడు గూడ ఈ రంగును బట్టి మంచిచెడ్డలు చెప్పగలడు. ఎంత గలదో ఖచ్చితముగ కావలెనన్నచో ఆమ్లము వేసి, గంజి కలిపి, థయోసల్ఫేటును చుక్కచుక్కగ వేయుచు నీలిరంగు పోవువఱకు లెక్కింపవలయును. ఇంతకంటెను చౌకయైనది మఱొకటి గలదు. ఇటలీ దేశపు మతాచార్యుడును ఖగోళజ్ఞుడునైన సెక్కీ 1865లో ఒక పళ్ళెమును త్రాట గట్టి సముద్రమున దింపి, అది ఎంత లోతున కంటికి మాయమగునో కొలిచెను. జానెడు వెడల్పు పళ్ళెమునకు నలుపు తెలుపు రంగులు పూసికొన్నచో మనకును అది సిద్ధించును. చేపల చెఱువున 30 మొదలు 40 సెంటీమీటర్ల లోతున మాయమగుట మేలని నిపుణుల మతము. పచ్చని నీటిలో జానెడు లోపలనే మాయమైనచో ఆనాడే ఎరువు ఆపవలయును.

అయితే అన్ని విషములును ఈ సీసాకు చిక్కవు. పటాన్‌చెరు సంగతి చూడుడు. హైదరాబాదునకు వాయవ్యమున పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములందు 1970ల దశకము మొదలుకొని మందుల ముడిసరకులు, రసాయనములు చేయు కర్మాగారములు వెలసెను. వాని మురుగు ఇసుకవాగు, నక్కవాగులగుండ మంజీరలోనికి పాఱెను. చెఱువులు రంగులు మాఱినవి, బావులు పాడైనవి, పైరులెండినవి. 1974లోనే జలకాలుష్య నివారణచట్టము వచ్చియుండెను. 1976లో రాష్ట్రమున మండలి యేర్పడెను. అయినను 1990లో ఈ వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానమునకు ఎక్కవలసివచ్చెను. న్యాయస్థానము మెదకు జిల్లా న్యాయమూర్తిచే విచారణ జరిపించి, నష్టపోయిన రైతులకు పరిహారమిప్పించెను. పొలమునకు పట్టా గలదు, ఎకరము గలదు, ఇంత పంటయని లెక్క గలదు. వాగులో వల వేసికొని బ్రతికినవానికి పట్టా యేది? నీటిలో చేప యెంత యుండెనో, ఎప్పుడు పోయెనో వ్రాసియుంచినవాడెవడు?

2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి బయటకు వచ్చు నీటిని పరీక్షించి ప్రకటించిన సంగతి ప్రపంచమున సంచలనము కలిగించెను. సుమారు 90 మందుల కర్మాగారముల నీరు అచటికి చేరుచుండెను. సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవనాశకౌషధము శుద్ధిచేసిన ఆ నీటిలో లీటరునకు 31 మిల్లిగ్రాముల వఱకు గలదు. ఆ మందు మ్రింగిన రోగి రక్తమునందుండుదానికంటె అది యెక్కువ. దినమునకు సుమారు 45 కిలోల మందు అట్లు కొట్టుకొనిపోవుచున్నదనియు, అది స్వీడను ప్రజలందఱును ఐదు దినములలో వాడు మందునకు సమమనియు వారు లెక్కగట్టిరి. ఇట్టి నీటిలో చేప వెంటనే చావకపోవచ్చును. కాని మందునకు లొంగని సూక్ష్మజీవులు అచట తయారగును. రేపు మన బిడ్డకు పుండు లేచినప్పుడు వైద్యుడిచ్చు మందు పనిచేయదు. ఇది నీటికాలుష్యపు క్రొత్తముఖము. నేత్రము చూడలేదు, మన సీసాయు చూడలేదు. దానికి పెద్ద ప్రయోగశాలలు కావలయును. కాని ఏ వాగునుండి నీరు తీసికొనవలెనో, ఏ రాత్రి ఏ కాలువ తెఱతురో వారికి చెప్పగలవారము మనమే.

ఇట వేఱొక దేశపు జాలరుల కథ చెప్పక తప్పదు. జపానులో మినమాట యను అఖాతము గలదు. దాని తీరమున చేపలు పట్టి బ్రతుకు పల్లెలు. 1950ల దశకమున అచటి పిల్లులు పిచ్చిగ గంతులు వేసి సముద్రమున పడి చచ్చుచుండెను. పిమ్మట మనుష్యులకు చేతులు వణికెను, మాట తడబడెను, చూపు మందగించెను. 1956లో ఈ వ్యాధి అధికారికముగ గుర్తింపబడెను. తీరమందలి రసాయన కర్మాగారము సముద్రములోనికి విడిచిన పాదరసము సన్నజీవులలో కొంచెముగను, చిన్నచేపలలో ఎక్కువగను, పెద్దచేపలలో మఱింతగను ప్రోగుపడి, జాలరి కంచమునకు చేరెను. నీరు చూచుటకు నీలముగనే యుండెను. చేపలు అమ్ముడుపోవను భయముచే మొదట రోగులను నోరుమూసికొమ్మని కోరినవారు తోటి జాలరులే యని చదివినప్పుడు మాకు తల వంగిపోయినది.

1959లో ఆ కంపెనీ వైద్యుడే కర్మాగారపు మురుగును ఒక పిల్లికి పెట్టి, దానికి ఆ వ్యాధి వచ్చుట కనుగొనెను. ఆ ఫలితము దాచిపెట్టబడెను. అదే సంవత్సరము డిసెంబరులో కంపెనీ రోగులకు సానుభూతి ధనమని కొంత ముట్టజెప్పి, ముందు కారణము తమ మురుగేయని తేలినను మఱి యడుగమని వ్రాయించుకొనెను. కర్మాగారపు మురుగే కారణమని ప్రభుత్వము ఒప్పుకొనినది 1968లో. ఆ కాగితము చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పినది 1973లో. ఈ వాక్యములు చదువుచుండగా మేము 2011లో గుండ్రని అక్షరములతో వ్రాసిన కాగితము మాకు కన్నులయెదుట నిలిచెను. మా కర్మాగారము పాదరసము విడిచెనని మేము చెప్పుట లేదు. ఏమి విడిచెనో మాకు తెలియదు. అదే మా నేరము. నాడు 4 వేల రూపాయలకు మేము అమ్ముకొన్నది చచ్చిన చేపలను గాదు; ఒక సీసా నీటిని.

ఇంకొక సంగతి గలదు. దీనిని చెప్పవలదని మిత్రులు హెచ్చరించిరి. అయినను చెప్పెదము. మా చెఱువు చేపలను చంపినది కర్మాగారమే యని నేడు మేము ప్రమాణము చేయజాలము. ఆ రెండేండ్లును అధికదిగుబడి నాశించి మా సంఘము సూపర్ ఫాస్ఫేటును, పేడను, కోళ్ళఫారముల పెంటను బండ్లకొలది చెఱువులో వేయించెను. నీరు ఆకుపచ్చ సిరావలె నుండెను; అది బలమని మురిసితిమి. కొఱ్ఱమట్టలు బ్రతికియున్నవా యని నాడు ఎవరైనను చూచిరా? మా తాత యున్నచో అదియే మొదట చూచియుండును. మేము మాత్రము నేరుగ కర్మాగారపు ద్వారమునకు నడచితిమి.

ఈ సభాభోజనవ్యయము భరించిన దాతలలో పెద్దచెఱువుల గుత్తలు గలవారు కొందఱున్నారు. వారి యుదారత లేక ఈ పందిరి లేచెడిది కాదు. వారియెడ గౌరవముతోడనే యడుగుచున్నాము: కోడిప్రేవులను, దుకాణముల వ్యర్థములను మేతయని చెఱువులలో గుమ్మరించుట ఎంత కాలము? ఒక బండి ప్రేవుల ఆకలి ఎన్ని ఇండ్ల మురుగునకు సమమో బి.ఓ.డి. సీసాను అడుగుడు. మఱికొందఱు యువకులు ఎండాకాలపు మడుగులలో పురుగుమందు కలిపి చేపలు తేల్చుచున్నారు. ఆ చేపను కొన్నవాడు మినమాట పిల్లివలె ఏమీ ఎఱుగడు. 2016 మొదలు తెలంగాణ ప్రభుత్వము చెఱువులలో ఉచితముగ చేపపిల్లలను వదలసాగెను. ఎన్ని పిల్లలు వదలిరో లెక్క గలదు. ఆ నీటికి వానిని బ్రతికించు శక్తి గలదా యని ముందుగ ఎన్ని చెఱువులలో చూచితిమి? పిల్లల లారీ వచ్చినప్పుడు ఛాయాచిత్రము దిగుటకు మనమందఱమును గట్టునకు పోవుదుము.

మేము నేటి మధ్యాహ్నము సభముందుంచు తీర్మానము చిన్నది. సంఘనిధినుండి ఈ యేడు 12 చెఱువులకు పరీక్షాసామగ్రి కొనవలయును. ప్రతి చెఱువునకు ఇద్దఱు యువతీయువకులను మత్స్యశాస్త్రము చదివినవారిచే తరిఫీదు చేయింపవలయును. వారానికొకసారి, సూర్యోదయమునకు ముందు, ఒకే చోట, ఒకే లోతున నీరు తీసి, ప్రాణవాయువు, పి.హెచ్., నీటివేడిమి, పళ్ళెము మాయమైన లోతు, మబ్బు గలదో లేదో, ఆ వారము వేసిన ఎరువెంతో ఒక పుస్తకమున వ్రాయవలయును. మాఱుపు కనబడిన దినము అదనముగ రెండు సీసాలు మంచులో పెట్టి పట్టణమునకు పంపవలయును. న్యాయస్థానమున చెల్లుటకు మండలి అధికారి విధిప్రకారము స్వయముగ తీసిన నమూనా కావలయును. మన సీసా సాక్ష్యము కాకపోవచ్చును. కాని తొమ్మిదవనాటి మధ్యాహ్నమునకు బదులు మొదటినాటి తెల్లవాఱుజామున అతనిని గట్టునకు రప్పింపగలది ఆ పుస్తకమే.

నిన్నరాత్రి ఈ తీర్మానమును చూపగా ఒక పెద్దమనిషి, పాతకాపు, చాల సేపు చదివి, "బాబూ, ఎరువు లెక్క గూడ వ్రాసినచో ఆ పుస్తకము రేపు కర్మాగారమువారి చేతిలో మనమీదనే కత్తి యగును గదా" అనెను. ఆయన మాట నిజము. అగును. ఎరువు లెక్క తీసివేసి వ్రాయుదమా యని రాత్రి చాల సేపు తర్కించితిమి. ఆ వరుసలేని పుస్తకమును వాదించువాడెవడైనను ఒక్క ప్రశ్నతో పాఱవేయగలడని మా యభిప్రాయము. ఆ పెద్దమనిషి ఇంకను ఒప్పుకొనలేదు. ఆయన సభలోనే యున్నారు. మధ్యాహ్నము తమ వాదమును వినిపింతురు. ఆలకించి సభవారే నిర్ణయింతురు గాక.

ద్వారముచెంత బల్లపై ఆఱు సీసాలును, రంగుపూసిన పళ్ళెమొకటియు ఉంచితిమి. రేపు ఉదయము నాలుగున్నర గంటలకు ఈ యూరి చెఱువుకట్టపై ఆ విద్యార్థి పరీక్ష చేసి చూపును. దుప్పటులు కప్పుకొని రావలసినదని మనవి. తిరిగి మధ్యాహ్నము 12 గంటలకు అదేచోట రెండవసారి కొలిచి, రెండు సంఖ్యలను ఈ పందిరి స్తంభమునకు అతికింతుము. వంటవారు రెండుసార్లు తొంగిచూచిరి గనుక సెలవు దీసికొనుచున్నాము.